సిల్వర్‌టిప్ దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సిల్వర్‌టిప్ బ్యాడ్జర్ షేవింగ్ బ్రష్షు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా బుగ్గలు క్షేమం. అద్దాల బీరువాలో స్టాండుకు తలకిందులుగా వేలాడుతున్న తమరు కూడా క్షేమమని తలుస్తాను. తమరి ధర చూశాక నా పర్సుకే కాస్త నలతగా ఉంది.

తమరి వంశవృక్షం ఒక పట్టాన అర్థం కావడం లేదు. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసే బ్రష్షుల్లో అన్నిటికంటే కింది రకం పేరు ‘ప్యూర్’. దాని పైన ‘బెస్ట్’. బెస్ట్ అన్నాక ఆగాలి కదా? ఆగరు. ఆ పైన ‘సూపర్’, అందరి నెత్తి మీదా తమరు. పోనీ ఈ మెట్లు ఎవరు కట్టారంటే, ఏ కంపెనీ మెట్లు ఆ కంపెనీవే. నెయ్యికి అగ్‌మార్క్ ఉంది, బంగారానికి హాల్‌మార్క్ ఉంది. తమరికి మాత్రం అమ్మేవాడి నోటిమాటే సర్టిఫికెట్టు. కొసన ఉన్న ఆ తెలుపు పుట్టుకతో వచ్చిందా, బ్లీచింగుతో వచ్చిందా అని అడిగితే షాపులో నన్ను ఎగాదిగా చూశారు.

మెత్తదనం సంగతి ఒప్పుకుంటాను. పొడిగా బుగ్గకు రాసుకుంటే పిల్లి తోక తగిలినట్టే ఉంటుంది. కానీ గట్టి సబ్బు బిళ్ల మీద నాలుగు తిప్పులు తిప్పేసరికి తమరి నడుం వాలిపోతుంది. లేచిన నురగంతా కడుపులో దాచుకుంటారు, పిండితే గానీ కక్కరు.

మా పంది వెంట్రుకల బ్రష్షుంది. కొత్తలో వాడు మొరటే. పొడిగా పెడితే గడ్డం కంటే వాడే ఎక్కువ గుచ్చుకుంటాడు. గోరువెచ్చని నీళ్ల మగ్గులో కాసేపు నానితే దారికొస్తాడు. కొన్ని వారాలు వాడాక వెంట్రుక కొసలు రెండుగా, మూడుగా చీలతాయి. అప్పుడు వేలితో రుద్ది చూడండి: కొస మెత్తన, మొదలు గట్టి. తలమీద ఇలా చీలితే షాంపూల వాళ్లు భయపెడతారు గానీ, ఇక్కడ చీలితేనే సుఖం.

తమరి వేషం కట్టినవాళ్ల కథ కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కు ముఖానికి బాగా అతుక్కోవాలని సైనికులు గడ్డం గీసుకోవాల్సి వచ్చింది. బ్యాడ్జర్ వెంట్రుకలకు కరువొచ్చింది. గుర్రం వెంట్రుకలకు రంగేసి తమరని నమ్మించి అమ్మారు. సరిగ్గా శుద్ధి చెయ్యని ఆ కుచ్చుల నుంచి ఆంత్రాక్స్ అంటుకుని, 1915–24 మధ్య బ్రిటన్, అమెరికాల్లో 200 మందికి పైగా జబ్బుపడ్డారు. పాపం, గుర్రానిదేం తప్పు?

ఈ మధ్య సింథటిక్ కుర్రాళ్లు దిగారు. నానబెట్టక్కర్లేదు, ఇట్టే ఆరిపోతారు, ఏ జంతువు ప్రాణమూ తియ్యక్కర్లేదు. విచిత్రమేమంటే, వాళ్లలో చాలామందికి కూడా తమరి నల్లచార, తెల్లకొసే దిద్దుతున్నారు. ఇంత మోజేమిటో, తమరే సెలవియ్యాలి.

ఇట్లు,
పంది పక్షం వినియోగదారుడు

తా.క.: కొత్త పంది బ్రష్షు కంపు కొడుతుందని తమరి బీరువా దగ్గర గుసగుసలు విన్నాను. మొదటిసారి తడిసిన బ్యాడ్జర్ ఎలా ఉంటుందో నా ముక్కుకూ తెలుసు. ఎవరికీ చెప్పనులెండి.