సవరణ: 1950 ప్రపంచకప్‌లో ఫైనల్ లేదు

విజయవాడ, గుంటూరు క్విజ్ పోటీలకు తయారయ్యే పిల్లల కోసం మొన్న ఇచ్చిన ఫుట్‌బాల్ ప్రశ్నల్లో "1950 ఫైనల్లో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ను ఓడించింది" అని రాశాం. స్కోరు సరైనదే, "ఫైనల్" అన్న మాట తప్పు. దయచేసి కొట్టేయండి.

ఆ ఏడాది నాకౌట్ మ్యాచ్‌లే లేవు. నాలుగు గ్రూపుల విజేతలైన బ్రెజిల్, ఉరుగ్వే, స్వీడన్, స్పెయిన్ చివరి గ్రూపులో ఒకరితో ఒకరు ఆడాయి. గెలుపుకి అప్పట్లో 2 పాయింట్లే, డ్రా అయితే 1. బ్రెజిల్ స్వీడన్‌ని 7-1తో, స్పెయిన్‌ని 6-1తో చిత్తుచేసి 4 పాయింట్లతో ఉంది. స్వీడన్‌ని ఓడించి, స్పెయిన్‌తో 2-2 డ్రా చేసుకున్న ఉరుగ్వేకి 3. అంటే జులై 16న మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో ఆడిన చివరి మ్యాచ్‌లో బ్రెజిల్‌కి డ్రా చాలు! 47వ నిమిషంలో ఫ్రియాసా గోల్‌తో ఆధిక్యం కూడా వచ్చింది. తర్వాత ఉరుగ్వే ఆటగాళ్లు స్కియాఫీనో, గిగ్గియా గోల్స్‌తో కప్పు చేజారింది. డ్రా చాలన్న ఈ లెక్క తెలియకపోతే ఆ ఓటమి ఎంత పెద్ద దెబ్బో అర్థం కాదు, అందుకే ఇంత వివరం.

అదే షీట్‌లో 1950కి మన జట్టు అర్హత సాధించలేదన్నదీ తప్పే. అర్హత దక్కింది, మనవాళ్లే వెళ్లలేదు.