మంచం ఎవరి మాట విన్నట్టు?

(1991లో వచ్చిన జపనీస్ యానిమేషన్ సినిమా ‘రోజిన్ జెడ్’ ఇప్పుడే అయిపోయింది. రోజిన్ అంటే ముసలాయన. అక్క ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. తమ్ముడు ఇంజనీరు.)

అక్క: 87 ఏళ్ళ తకజావా తాతని ప్రభుత్వం వాళ్ళు తీసుకెళ్ళి జెడ్-001 అనే కంప్యూటర్ మంచంలో పడేశారు. తినిపించేది, స్నానం చేయించేది, పక్క శుభ్రం చేసేది అన్నీ అదే. లోపలేమో అణు రియాక్టర్! దీన్నేనా నువ్వు తెగ మెచ్చుకున్నావు?

తమ్ముడు: రియాక్టర్ వెటకారం అక్కా. కథ రాసింది ‘అకీరా’ తీసిన కత్సుహిరో ఒతోమో మరి. ముసలాళ్ళకి చేసేవాళ్ళు లేరన్నది మాత్రం వెటకారం కాదు.

అక్క: విలేకరుల ముందు ఆయన్ని పడుకోబెట్టి, అందరూ చూస్తుండగా అన్నీ చేయించారు. ఇది నీకు కావాలా వద్దా అని ఆ పెద్దాయన్ని ఒక్కరడిగారా? ముప్ఫయ్యేళ్ళలో తెర లాగకుండా నేనెవరి బట్టా విప్పలేదురా.

తమ్ముడు: అడగకపోవడం మంత్రిత్వ శాఖ తప్పు, మంచం తప్పు కాదుగా. నాన్నని రెండు గంటలకోసారి పక్కకి తిప్పీ తిప్పీ నీ నడుము ఏమైంది? ఇవాళ్టికీ నీళ్ళ బిందె ఎత్తలేవు.

అక్క: ఎత్తడానికి మిషన్ వస్తే నేనే దండం పెడతాను. కానీ తిప్పినప్పుడల్లా వీపు చూసేదాన్ని. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే పుండు పడబోతోందని అర్థం. నాన్న కబుర్లన్నీ అప్పుడే చెప్పేవాడు, నా చెయ్యి వీపు మీద ఉన్నప్పుడే.

తమ్ముడు: సరే, సినిమాలో తాత మాట విన్నదెవరు? మంచమే! పోయిన భార్య హారు గొంతు అందులోకి రాగానే, ఆయన్ని తీసుకుని గోడలు పగలగొట్టుకుంటూ కామకురా సముద్రానికి బయల్దేరింది. అధికారుల్లో ఒక్కడైనా ఆ పని చేశాడా?

అక్క: ఆ గొంతు ఎక్కడిది? ఆస్పత్రిలో ఉన్న ముసలి హ్యాకర్లు తయారుచేసింది. వాళ్ళని బతిమాలింది హారుకో, నర్సింగ్ చదివే పిల్ల. అంతకుముందు ఆ మంచం లోపలున్నదేమిటి? సైన్యం కోసం చేసిన కంప్యూటరు.

తమ్ముడు: హారుకోలు ఎంతమంది దొరుకుతారు? సినిమా వచ్చినప్పుడు జపాన్‌లో 65 దాటినవాళ్ళు వందకి 12 మంది, ఇప్పుడు 29 మంది. 2000లో సంరక్షణ బీమా పెట్టి 40 దాటినవాళ్ళందరి దగ్గరా ప్రీమియం తీసుకుంటున్నారు. డబ్బు సరే, చేతులేవి? అందుకే పారో అనే సీల్ బొమ్మ రోబోని తెచ్చుకున్నారు. నిమిరితే కళ్ళార్పుతుంది, కూస్తుంది.

అక్క: బొమ్మతో నాకేం పేచీ లేదు. బొమ్మ ఇచ్చాంగా అని కొడుకు రావడం మానేస్తేనే.

తమ్ముడు: ఇది నా మీదికేనా?

అక్క: నీ మీదికే. నువ్వు పంపిన ట్యాబ్‌ని నాన్న దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. చార్జింగ్ పెట్టింది నేను.

తమ్ముడు: అది కూడా లేకపోతే ఆ రోజుల్లో నా మొహమైనా చూసేవాడు కాదు కదక్కా.

అక్క: చూసేవాడు కాదు, నిజమే. నువ్వు మాట్లాడాక ఇంకో ముద్ద తినేవాడు కూడా. సరే, ఆ కామకురా సీన్ మళ్ళీ పెట్టు. సౌండ్ పెంచు, హారు గొంతు నాకు సరిగ్గా వినపళ్ళేదు.