రాయకపోతే కథ చచ్చిపోతుందట!

"ఆఫ్రికా, కరేబియన్ జానపద కథలు అంతరించిపోతున్నాయి, వాళ్ళకు రాత లేదు, తెల్లదొరలు రాసిపెట్టబట్టే ఆ కాస్తయినా మిగిలాయి, ఇక అన్నీ పీడీఎఫ్ చేసేస్తే సరి" అని ఒక మెసేజ్. ఏ గ్రూపు తెరిచినా అదే. పంపేవాళ్ళంతా మంచివాళ్ళే, చదవకుండా పంపుతున్నారంతే.

అందులోని "ముసలాయన పోతే గ్రంథాలయం తగలబడినట్టే" అన్నది ఆఫ్రికన్ సామెతేం కాదు, పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు రచయిత అమదూ హంపాతే బా 1960లో యునెస్కోలో చెప్పిన మాటే అలా పాకింది. రాత లేదంటారా, ఇథియోపియా గీజ్ లిపి, మాలిలోని టింబక్టూ ఊరి రాతప్రతులు ఒకసారి వెతుక్కోండి.

అసలు ఒళ్ళు మండేది "దొరలు రాయబట్టే" అన్న ముక్కకి. అనాన్సి అనే సాలీడు ఘనాలోని అకాన్ జనం కథల్లోవాడు. ఓడల అడుగున గొలుసులతో తీసుకుపోయిన మనుషుల నోళ్ళలో అట్లాంటిక్ దాటి జమైకా, సురినామ్, కురసావ్ చేరాడు. బ్రిటన్ బానిసల రవాణాను నిషేధించింది 1807లో, వాల్టర్ జెకిల్ అనే ఇంగ్లీషు దొర జమైకా కథలను పుస్తకంగా వేసింది 1907లో. మధ్యలో ఆ వందేళ్ళలో చాలాకాలం సాలీడు ఎక్కడ తలదాచుకున్నాడు స్వామీ, గూగుల్ డ్రైవ్‌లోనా? పైగా ఊరికే దాక్కోలేదు, మారాడు కూడా. ఘనాలో లోకంలోని కథలన్నీ మొదట ఆకాశదేవుడు న్యామే సొత్తు, జమైకాకు వచ్చేసరికి పులి సొత్తు; వాటిని గెలుచుకోవాలంటే అనాన్సి పామును పట్టి తేవాలి. కానీ "నీ పొడవెంతో కొలుస్తా, ఈ కర్ర పక్కన పడుకో" అని పామును నమ్మించి కట్టేసే ఎత్తు మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక పీడీఎఫ్. హైతీలో కథకుడు "క్రిక్?" అంటాడు, జనం "క్రాక్!" అనకపోతే కథ మొదలే కాదు. జమైకాలో అనాన్సి మాటలను ముక్కుతో, వంకర గొంతుతో పలుకుతారు, దాన్ని ఏ ఫాంట్‌లో కొడతారు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కథ మధ్యలో వచ్చే పాటల బాణీలను జెకిల్ స్వరాలతో సహా అచ్చువేశాడు, 1924లో అమెరికా జానపద పరిశోధకురాలు మార్తా బెక్‌విత్ సంకలనంలోనూ అలాగే వేశారు. అవే లేకపోతే అప్పటి బాణీలు కొన్ని ఇవాళ మనకు తెలిసే దారే లేదు. దొరల పుణ్యం అంతవరకు నిజమే.

చివర్లో "ఇవి పిల్లల కథలు" అని కూడా రాశారు. జమైకాలో మనిషి పోయాక జరిపే తొమ్మిదో రాత్రి జాగారంలో, రమ్ము తాగుతూ డొమినోలు ఆడుతూ అనాన్సి కథలు చెప్పుకునేది పెద్దవాళ్ళే. పిల్లల కథలట!