శ్రీ వ్యక్తిత్వ వికాసం గారికి ఒక మనవి

మహారాజశ్రీ వ్యక్తిత్వ వికాసం గారికి, నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమని తలుస్తాను. ఏ సమస్యా తమరికి సమస్యగా కనిపించదు కాబట్టి క్షేమంగా లేకపోవడం తమరి వల్ల కాదు. ఇక్కడ నేను మాత్రం ఎదుగుతున్నాను. ఎదగక చస్తానా? ఇంట్లో ఏది పాడైనా నన్ను తీర్చిదిద్దడానికే పాడైందని తమరు సెలవిచ్చారు కదా.

స్నానాల గదిలో కుళాయి కారడం మొదలైంది. లోపలి రబ్బరు వాషరు గట్టిపడి, అంచు చిట్లింది. పిడిని ఎంత బిగిస్తే అది అంత నలుగుతుందే తప్ప చుక్క ఆగదు. తమ బోధ ప్రకారం రాత్రిళ్లు ఆ చుక్కలు వింటూ సహనం అలవరచుకున్నాను. సహనం పెరిగింది. చుక్కల వేగమూ పెరిగింది. చివరికి మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయి విప్పి, అరిగిన బిళ్ల తీసి కొత్తది వేస్తే పీడ వదిలింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు కాస్త ఎదిగాను కూడా: వాషరు మార్చడం వచ్చింది. ఆ ఘనత తమరిదా, పానాదా అన్నది ఇంకా తేలలేదు.

కుళాయి సరే, నోరులేనిది. మా లిఫ్టు మాటేమిటి? అది ఆగిపోయిన మర్నాడే తలుపు మీద కాగితం అతికించారు: "మెట్లెక్కండి, గుండెకు మంచిది." మరమ్మతు ఎప్పుడో అందులో లేదు. మోకాళ్లు పట్టేసిన పై అంతస్తు పెద్దావిడ మలుపు మలుపుకూ ఆగి, సంచి మెట్టు మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకుని, మళ్లీ సంచి అందుకుంటారు. ఈ వయసులో ఆవిడ వ్యక్తిత్వం ఇంకెంత వికసించాలండీ? తమ పరమభక్తులెవరో నాకు అప్పుడే తెలిసింది: బాగుచేయాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు. యంత్రాన్ని బాగుచేయాలంటే బోలెడు ఖర్చు. మనిషిని బాగుపడమనడానికి ఒక కాగితం, కాస్త జిగురు చాలు.

శాస్త్రం తమ వైపే ఉందంటారేమో. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే మనస్తత్వవేత్తలు పెను విషాదం తర్వాత మనిషిలో కనిపించే ఎదుగుదలను కొలిచేందుకు 1996లో 21 అంశాల ప్రశ్నావళి ప్రచురించారు. వాళ్లు మాట్లాడింది బతుకును తలకిందులు చేసే దెబ్బల గురించి. ఎదుగుదల ఆ దెబ్బలోంచి రాదనీ, దానితో మనిషి పడే పెనుగులాటలోంచి వస్తుందనీ, వచ్చినా బాధ పక్కనే ఉండవచ్చనీ అన్నారు. అందరికీ వచ్చి తీరుతుందని హామీ ఇవ్వలేదు. తమరు ఈ జాగ్రత్తలన్నీ వడగట్టి పారేసి, మిగిలిన తీపిని ట్రాఫిక్ జాముకూ, పోయిన తాళంచెవికీ పూశారు.

చివరగా ఒక్క విన్నపం. మా లిఫ్టు వ్యవహారాలు చూసే పెద్దమనిషి ఉండేది కింది అంతస్తులో. పాపం, ఆయనకు ఎదిగే అవకాశం ఇంతవరకూ ఒక్కటీ దక్కలేదు. లిఫ్టు బాగయ్యేదాకా పెద్దావిడ సంచి పైకి చేరవేసే భాగ్యం ఆయనకు ఇప్పించగలరు.

ఇట్లు,
ఎదిగి ఎదిగి అలసిపోయిన
తమ విధేయుడు