సంప్ పంపుకి ‘పది రెట్లు’ లెక్క ఎందుకు పనికిరాదు

అక్వేరియం కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, వడకట్టుకుని, పంపుతో మళ్లీ పైకెళ్లే ఇంకో తొట్టి) పెట్టుకునేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. "ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో దానికి పది రెట్లు ఎల్‌పీహెచ్ (గంటకు ఎత్తే లీటర్లు) ఉన్న పంపు కొనండి. ఇంకా పెద్దదైతే ఇంకా మంచిది, ఎక్కువనిపిస్తే వాల్వు తిప్పుకోవచ్చు. నీళ్లు ఎన్నిసార్లు తిరిగితే అంత శుభ్రం. కరెంటు పోయినా నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) ఉంటే భయం లేదు." వినడానికి అన్నీ సబబుగానే ఉంటాయి. ఇది నమ్మి మొదలుపెట్టినవాళ్ల హాల్లో నీళ్లు పారుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు ‘పది రెట్లు’ సంగతి. డబ్బా మీద రాసిన ఎల్‌పీహెచ్, నీటిని ఏమాత్రం పైకి ఎత్తనవసరం లేనప్పటి లెక్క. పక్కనే ‘హెచ్ మ్యాక్స్’ అని ఇంకో అంకె ఉంటుంది. ఆ ఎత్తులో పంపు నుంచి చుక్క కూడా రాదు. మన పంపు పనిచేసేది ఈ రెండిటికీ మధ్యన. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకు తీసుకోండి. సుమారు 240 లీటర్లు. పది రెట్లంటే 2400 కాబట్టి షాపులో 3000 ఎల్‌పీహెచ్, 2.5 మీటర్ల హెచ్ మ్యాక్స్ ఉన్న పంపు చేతిలో పెడతారు. సంప్‌లో నీటి మట్టం నుంచి ట్యాంకు అంచు దాకా దాదాపు మీటరు ఉంటుంది. పంపు ఎంత లోతులో మునిగి ఉందన్నది లెక్కలోకి రాదు, నీటి మట్టం నుంచే కొలవాలి. ఎల్బోలు (పైపు వంపులు), పైపు రాపిడి కలిపి 1.3 మీటర్లనుకుంటే ఆ పంపు ఇచ్చేది సగం, అంటే 1500 అటూ ఇటూ. ఆరు రెట్లన్నమాట. ‘పది రెట్లు పెట్టాం, బాగానే ఉంది’ అనేవాళ్లలో చాలామంది నడుపుతున్నది ఈ ఐదారు రెట్లతోనే. చిక్కెక్కడంటే, అదే 3000 రాసి ఉండి హెచ్ మ్యాక్స్ 5 మీటర్లున్న పంపు తెస్తే 2000 దాటి వస్తాయి. డబ్బా మీద అంకె ఒకటే, పైకి వచ్చే నీళ్లు వేరు. కొనేముందు ఏ ఎత్తుకి ఎన్ని నీళ్లు వస్తాయో చూపే కంపెనీ గ్రాఫు చూడండి. కొన్నాక రిటర్న్ పైపు (పంపు నుంచి ట్యాంకుకి నీళ్లు తెచ్చేది) చివర ట్యాంకు ఎత్తులోనే పట్టుకుని 10 లీటర్ల బకెట్ నింపి, ఫోన్లో టైం చూడండి. 25 సెకన్లు పడితే గంటకు 1440 లీటర్లు.

‘పెద్దదైతే ఇంకా మంచిది’ అన్నది వీటన్నిటిలో ప్రమాదకరమైన మాట. పైనుంచి సంప్‌లోకి నీళ్లు దిగేది మోటారుతో కాదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి తమంతట తాముగా. ఆ పైపు దించగలిగిన దానికంటే పంపు ఎక్కువ ఎక్కిస్తే మిగతావి నేల మీదికే. పైపులో ఒక నత్త ఇరుక్కున్నా, మొక్క ఆకు అడ్డం పడినా దిగే నీళ్లు ఇంకా తగ్గుతాయి. అందుకే ముందు ఓవర్‌ఫ్లో పైపు ఎంత దించుతుందో తెలుసుకుని, పంపు ఎక్కించే నీళ్లు దానికంటే బాగా తక్కువే ఉండేలా చూడాలి. మొదటిది మూసుకుపోతే పనికొచ్చేలా, కుదిరితే రెండో పైపు ఖాళీగా వదలాలి. వాల్వు మాట కొంతవరకు నిజమే. నీళ్లు బయటికొచ్చే వైపు వాల్వు కాస్త మూస్తే పంపు పాడవదు, లాగే వైపు మాత్రం ఎప్పుడూ మూయకూడదు. కానీ వాల్వు సగం మూస్తే బిల్లు సగమవదు. రాత్రింబవళ్లు నడిచే 60 వాట్ల పంపు నెలకు 43 యూనిట్లు తింటుంది, 25 వాట్లదైతే 18. మునిగి ఉండే పంపు తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం వేడిగా నీళ్లలోకే పోతుంది. విజయవాడ ఎండాకాలంలో చేపలకి అసలే ఆక్సిజన్ తక్కువ, పైన ఇదొకటా?

‘ఎన్నిసార్లు తిరిగితే అంత శుభ్రం’ కూడా నిజం కాదు. చేపలకి విషమైన అమ్మోనియా నీళ్లలో ఎంత పుడుతుందన్నది చేపల మీద, మనం వేసే మేత మీద ఉంటుంది. దాన్ని మార్చేది సంప్‌లో వేసే సిరామిక్ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా. ఇంట్లో మంచినీటి చేపల ట్యాంకుకి గంటకు మూడు నుంచి ఐదు సార్లు చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే చెత్త స్పాంజి పక్కనుంచి జారిపోతుంది, సంప్‌లోని బుడగలు ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకులో ప్రవాహం కావాలంటే చిన్న వేవ్‌మేకర్ (ట్యాంకులోనే పెట్టి నీటిని కదిలించే ఫ్యాన్ లాంటిది) ఉంది. గోల్డ్‌ఫిష్‌కి, ఏంజెల్ ఫిష్‌కి అదీ అక్కర్లేదు.

ఇక నాన్ రిటర్న్ వాల్వు. కరెంటు పోగానే రిటర్న్ పైపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. పై ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు. పైపు మూతి నీటిలో 5 సెంటీమీటర్ల లోపల ఉంటే 27 లీటర్లు సంప్‌లోకి వచ్చేస్తాయి. వాల్వు కొత్తలో ఆపుతుంది. కొన్ని నెలలకు లోపల జిగురు పట్టి, ఇసుక రేణువో బుల్లి నత్తో ఇరుక్కుని పూర్తిగా మూసుకోదు. మనం పడుకున్నాక కరెంటు పోతే ఆ సంగతి పొద్దున్నే తెలుస్తుంది. మూతిని నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి. మట్టానికి కాస్త కిందుగా పైపుకి చిన్న రంధ్రం చేస్తే, నీళ్లు దిగి అది బయటపడగానే గాలి లాగి ప్రవాహం తెగిపోతుంది. ఆ రంధ్రాన్ని నాచు మూసేస్తుంది కాబట్టి వారానికోసారి అగ్గిపుల్లతో పొడవండి. చేపలు వేయకముందే పంపు నడుపుతూ ప్లగ్ పీకేసి, నీళ్లు దిగడం ఆగేదాకా చూడండి. సంప్ పొర్లితే, నడిచేటప్పుడు అందులో ఉండే మట్టాన్ని తగ్గిస్తూ మళ్లీ మళ్లీ చూడండి. పొర్లకుండా ఆగినప్పుడు పంపు వేసి, అప్పుడున్న మట్టానికి సంప్ గాజు మీద మార్కర్‌తో గీత గీయండి. ఆవిరైన నీళ్లు పోసేటప్పుడు ఆ గీత దాటకూడదు.