డ్రాగన్‌కి రెండు మార్కులు

డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగిన మన ప్రవాస తెలుగు సంఘం కార్యక్రమాలకి వచ్చినవాళ్లకి ఆ రోజు ఏం జరిగిందో తెలుసు. రానివాళ్లకి ఈపాటికి వాట్సాప్ గ్రూపుల్లో తెలిసిపోయే ఉంటుంది. అయినా మళ్లీ చెప్తాను, ఎందుకంటే గ్రూపుల్లో తిరుగుతున్న కథలో మా చిన్నది స్టేజి మీద ఏడ్చిందని ఉంది. అది ఏడవలేదు. ఏడ్చింది నేను, అదీ పార్కింగులో, కారు తలుపు వేసుకున్నాక.

పిల్లల కథల పోటీ. ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా, విదేశాల్లో పెరిగే పిల్లలూ ఇక్కడి పిల్లలూ కలిపి. పొద్దున్న పదింటికన్నారు, మన సంఘం పది గంటలు మీకు తెలియనివి కావు. జ్యోతి ప్రజ్వలనకి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, ఉన్న ఐదు వత్తులకీ పదకొండు మందిని సర్ది, ఆ తర్వాత శాలువాలు, ఆ తర్వాత శాలువాలు కప్పినవాళ్లకి శాలువాలు, అన్నీ అయి పన్నెండు దాటాక పిల్లలకి మైకు అందింది. మా చిన్నదానికి పదకొండేళ్లు. మూడు నెలలు కూర్చుని, తన చేత్తో, రూళ్ల నోట్‌బుక్కులో పదిహేడు పేజీలు తెలుగులో రాసుకొచ్చింది. ఐదు నిమిషాల్లో చదవమన్నారు. చదివింది.

కథేమిటంటే, మల్లి అనే పిల్ల సెలవులకి హైదరాబాద్‌లో నానమ్మ దగ్గరికి వస్తుంది. ఆడుకోవడానికి ఎవరూ ఉండరు. అపార్ట్‌మెంట్ వెనక ఖాజాగూడ వైపు గుట్ట, రాయి మీద రాయి, ఎవరో పేర్చి మర్చిపోయినట్టు. అందులో ఒక రాయి రాత్రిపూట కూడా వెచ్చగా ఉంటుంది. అది రాయి కాదు, గుడ్డు. లోపలున్నవాడి పేరు బుస్సన్న. వాడికి రెక్కలొచ్చాయి గానీ నిప్పు రాదు, ఊదితే ఎక్కిళ్లు వస్తాయి. మల్లి రోజూ సందు చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొని తెచ్చి తినిపిస్తుంది, నాలుగో రోజుకి వాడి ముక్కులోంచి అగ్గిపుల్ల వెలిగినంత మంట వస్తుంది. ఈలోపు గుట్టని పేల్చడానికి మిషన్లు దిగుతాయి. మిగతా రాళ్లలో కూడా గుడ్లున్నాయని తెలిసింది ఇద్దరికే. ఒక్క రాత్రిలో వాటన్నిటినీ వీపు మీద మోసుకుని మూసీ మీదుగా ఎగువకి ఎగిరి, మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో దాచేస్తారు. తెల్లారేసరికి మల్లి నానమ్మ పక్కన పడుకుని ఉంటుంది, దుప్పటి నిండా మసి.

సొంత పిల్ల కథ కాబట్టి ఇంత చోటు తీసుకుంటున్నాను, తెలుసు. ఎడిటరు గారు కత్తిరించరనే నమ్మకం.

జడ్జీలు ముగ్గురు. మధ్యలో కూర్చున్న మాస్టారు మైకు తీసుకుని, చాలా ప్రేమగానే, “కథ బాగుంది తల్లీ, నీ తెలుగు కూడా బాగుంది. కానీ ఈ డ్రాగన్ మనది కాదమ్మా. మనకి రుద్రమదేవి లేదా? అరువు జంతువుల్ని మనమెందుకు మొయ్యాలి?” అన్నారు. హాలంతా చప్పట్లు. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది పిల్లలు ఆ టైముకి బయట కారిడార్‌లో ఫోనులో ఏం చూస్తున్నారో నేను చూశాను, చెప్పను.

తర్వాత చేతికిచ్చిన మార్కుల కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఉచ్చారణ 9. భాష 9. కల్పన 10. తెలుగుదనం 2. పదికి రెండు. కల్పనకి పది వేసిన పెన్నుతోనే, అదే నీలి సిరాతోనే, కింద గడిలో రెండు.

ఆ వెంటనే సినిమా పాటకి డాన్సు, స్టేజి నిండా పొగ మిషను పొగ. ఆ పొగ మనదా కాదా అని ఎవరూ అడగలేదు. లంచ్‌కి వెళ్తే స్టార్టర్ల దగ్గర స్టీలు గిన్నె ముందు చిన్న బోర్డు: డ్రాగన్ చికెన్. కల్పించడం లేదు, ఆ రోజు తిన్నవాళ్లు సాక్ష్యం చెప్తారు. కమిటీవాళ్లు రెండోసారి కూడా వడ్డించుకున్నారు. మా చిన్నది ఆ బోర్డు చూసి, నా వైపు చూసి, “అమ్మా, ప్లేట్‌లో అయితే మనదేనా?” అంది. నేను పార్కింగుకి వెళ్లింది అప్పుడే.

ఇంటికొచ్చాక మా అత్తయ్యకి చెప్పాం. ఆవిడది వరంగల్ వైపు, అరవై ఏళ్లు దాటాక కూడా నోటికి తాళం లేదు. మొత్తం విని, “గుడ్లు ఏడ దాసిన్రు బిడ్డా?” అని అడిగింది. అనంతగిరిలో అంది మనవరాలు. “మరి అనంతుడంటే ఎవడనుకున్నవ్? ఆదిశేషుడే గదా. ఆ గుట్ట మీద గుళ్లె ఉన్నది అనంత పద్మనాభస్వామి, పాము మీద పండుకున్న దేవుడు. నీ బుస్సన్న సుట్టపోళ్లింటికే పోయిండు. దోస్తు చేస్కుంటే తప్పేందట?” అని, టీవీ సౌండు పెంచేసింది. మా చిన్నది మ్యాపులో మూసీ ఎక్కడ పుడుతుందో చూసి ఆ కొండల్ని ఎంచుకుంది తప్ప, దానికీ ఈ సంగతి తెలియదు. నాకూ తట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు పలుకుతున్నాను.

ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తెనాలి దగ్గర పల్లెటూరు, నాగుల చవితి, కార్తికం చలి, తడి జుట్టుతో పొలం గట్టు మీద పుట్ట. చలిమిడి, చిమ్మిలి ఆకులో పెట్టి, కంచు చెంబుతో పాలు పోస్తూ పాముతో మాట్లాడేది. మంత్రం కాదు, మాటలు. “నడుం తొక్కితే నావాడనుకో, పడగ తొక్కితే పగవాడనుకోకు, తోక తొక్కితే తొలగిపో.” పక్కింటావిడతో గట్టు తగాదా సర్దుకుంటున్నట్టుండేది ఆ గొంతు. నాకు ఏడేళ్లు, భయపడి ఆవిడ వెనక నిలబడి కొంగు పట్టుకుని, ఇది పాముకి అర్థమవుతుందా అని అడిగాను. “నీకు అర్థమైందిగా, దానికి కాకేం” అంది. పాములు పాలు తాగవని తర్వాత బడిలో చెప్పారు, నిజమే, పుట్టలో పాలు పోస్తే పాముకి మంచిది కూడా కాదు. కానీ ఊళ్లో అందరూ భయపడే జీవితో సంవత్సరానికి ఒకసారైనా కూర్చుని సంధి మాట్లాడుకున్న ఆడవాళ్ల మనవరాళ్లం మనం. ఒక పిల్ల గుట్ట వెనక్కి వెళ్లి బజ్జీ పెట్టి డ్రాగన్‌ని మచ్చిక చేసుకుంటే, అది అరువు ఎట్లా అయింది? అది మా అమ్మమ్మ చేసిన పనే, పాలకి బదులు బజ్జీ.

నన్నడిగితే అసలు అరువు కథ వేరే ఉంది. వీరుడు గుర్రమెక్కి వచ్చి డ్రాగన్‌ని చంపి రాజకుమార్తెని గెలుచుకుపోయే కథ, అదీ పడమటి దేశాల పాత కథ. చంపడం మనకి లేదని కాదు, ఋగ్వేదంలో ఇంద్రుడు చంపిన వృత్రుడి పేరు అహి, అంటే పామే. మన పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు డ్రాగన్‌ని అజ్దహా అంటారే, పారశీకం నుంచి వచ్చిన ఆ మాట మొదట్లో ఉన్నదీ ఈ అహికి చుట్టమే. కానీ పోతన దశమస్కంధం తీసి చూడండి. కాళింది మడుగులో కృష్ణుడు కాళీయుడి పడగల మీద తొక్కి తొక్కి, చివరికి చంపలేదు. కాళీయుడి భార్యలు పిల్లల్ని ముందు నిలబెట్టుకుని వచ్చి మాట్లాడితే, కుటుంబంతో సహా సముద్రానికి పొమ్మని వదిలేశాడు. గుట్ట మీద గుడ్లని అనంతగిరికి తరలించడం నాకైతే అలాగే కనిపించింది.

రుద్రమదేవి లేదా అన్నారు మాస్టారు. ఉంది, ఎవరు కాదన్నారు? అయితే రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడి కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి ఒకసారి వెళ్లి తలెత్తి చూడండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని మనం బ్యానర్లు కట్టాం, ఆ గుడే. నల్లరాతి మదనికల్లో, అంటే స్తంభాలకి ఆనించి చెక్కిన ఆడవాళ్ల బొమ్మల్లో, ఒకత్తె నాగిని, ఒంటి మీద నగల బదులు పాములు. భయం లేదు ఆ మొహంలో, ఇప్పుడే ఏదో జోకు విన్నట్టుంది. మిగతా స్తంభాల మీద ఏనుగునెక్కిన సింహం లాంటి జంతువు, వ్యాళం, అది ఏ అడవిలోనూ లేదు. మన శిల్పికి ఏ జంతువు మనదో చెప్పే కమిటీ లేదు. అదే ములుగు జిల్లాలో మేడారం ఉంది. సమ్మక్క ఎట్లా దొరికిందని చెప్తారు కోయవాళ్లు? పులుల మధ్య ఆడుకుంటున్న పసిపిల్లగా. రెండేళ్లకోసారి అంతమంది నిలువెత్తు బెల్లం మోసుకెళ్లేది ఆ పిల్లకే. అప్పుడు ఆ పులులు మనవా, అడవివా అని ఎవరైనా అడిగారా?

ఇక మాస్టారి వైపు నుంచి కూడా చెప్పాలి, న్యాయంగా. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన నలభై ఏళ్లు తెలుగు చెప్పారు, రిటైరయ్యాక కూడా మన పిల్లలకి వీడియో కాల్‌లో వేమన చెప్తున్నారు, పైసా తీసుకోకుండా. ఆ రోజు చదివిన కథల్లో నాలుగైదు నిజంగానే ఎక్కడో చూసిన సినిమాకి తెలుగు అతికించినట్టున్నాయి, ఒకదాంట్లో మంచు కోటలో రాణి సంక్రాంతి ముగ్గు వేసింది. అవన్నీ విని విని ఉన్న మనిషికి డ్రాగన్ అనే మాట వినగానే విసుగు రావడం సహజం. పిల్లల ఊహంతా ఒకే దుకాణం నుంచి వస్తోందన్న ఆయన భయం నాది కూడా. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మా నాన్న కొనిచ్చిన పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్రా గారి బొమ్మలు చూసి పెరిగినదాన్ని, ఆ మాంత్రికులూ వింత మృగాలూ ఇప్పటి పిల్లలకి దొరకట్లేదని బాధ నాకూ ఉంది. కానీ ఆ సీరియళ్లలో కూడా సాహసమంతా మగపిల్లలదే మాస్టారూ. నేను చదువుతున్నప్పుడు పేజీలో ఎక్కడుండాలో నాకు తెలిసేది కాదు. రాజకుమార్తెగా ఉంటే కిటికీ దగ్గర, లేకపోతే లేను.

కోపం లేదన్నాను, కొంచెం ఉంది.

ఎందుకంటే తెలుగుదనం ఎక్కడుందో ఆ గడి నింపినవాళ్లు చూడలేదు. గత ఏడాది ఇదే పోటీకి మా చిన్నది “మా బామ్మ” అని రాసింది. రెండు పేజీలు. బామ్మ మంచిది, బామ్మ పప్పు చేస్తుంది, బామ్మ గుడికి వెళ్తుంది. తెలుగుదనానికి తొమ్మిది వచ్చాయి, కప్పు కూడా ఇచ్చారు. ఆ రెండు పేజీల్లో దానికి కొత్తగా వచ్చిన తెలుగు మాట ఒక్కటి లేదు. ఈ ఏడాది బుస్సన్న కోసం రోజూ రాత్రి నన్ను పీక్కుతింది. పాము విడిచిన చర్మాన్ని ఏమంటారు? కుబుసం. చేప ఒంటి మీదవి? పొలుసులు. పాము పళ్లు? కోరలు. నిప్పు ఆరిపోతూ మిగిలేది? నివురు. నివురు అనే మాట నేను నోటితో అని ఎన్నేళ్లయిందో. రాయి వెచ్చగా ఉందని ఎన్ని రకాలుగా చెప్పొచ్చు? గోరువెచ్చ, నులివెచ్చ. రెండింటికీ తేడా ఏంటని అరగంట వాదన, చివరికి అత్తయ్యకి ఫోను. లేని జంతువు గురించి రాయాలంటే ఉన్న భాషంతా కావాలి, బామ్మ గురించి రాయడానికి పప్పు చాలు. (అత్తయ్యా, ఇది మీ గురించి కాదు.)

కల్చరల్ కమిటీకీ, బోర్డుకీ నా మనవి ఒక్కటే. వచ్చే డిసెంబరు ఫారాలు ప్రింటుకి ఇచ్చేముందు ఆ గడి తీసేయండి. తీయడం కుదరకపోతే, బైలాస్ అడ్డమొస్తే, కనీసం పేరు మార్చి “ఈ కథలో ఎన్ని తెలుగు మాటలు బతికాయి” అని పెట్టండి. మాస్టారినే మళ్లీ జడ్జిగా పిలవండి, ఇంకెవరూ వద్దు. ఆయన పక్కన పదిహేనేళ్ల పిల్లనొకర్తెని కూర్చోబెట్టండి. శాలువా అక్కర్లేదు దానికి, ఒక కుర్చీ చాలు.

మా చిన్నది రెండో భాగం మొదలుపెట్టింది. అనంతగిరిలో గుడ్లు పగులుతున్నాయి. మూడు రోజులుగా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే పులికి కూన, ఆవుకి లేగ, ఏనుగుకి గున్న, మరి డ్రాగన్‌కి? పిల్ల అంటే ఒప్పుకోవడం లేదు, కోడిలా ఉందంటోంది. నేను గున్న అన్నాను, అత్తయ్య కూన అంది, పక్క ఫ్లాట్ ఆవిడ ఏదో ఉర్దూ మాట చెప్పింది. మీలో ఎవరికైనా మంచి మాట తడితే సంఘం ఆఫీసుకి పంపండి, ఉగాది సంచికలోపు కావాలి.