క్లోన్ పరీక్ష రాయదు

మా పాత క్లాస్‌మేట్ల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఖరికి పెద్దమ్మ నడిపే భక్తి గ్రూపు. అన్నిట్లోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. 'రియాలిటీ షిఫ్టింగ్ నిజం. సీఐఏ ఒప్పుకుంది, క్వాంటం ఫిజిక్స్ నిరూపించింది, మన ఋషులు ఎప్పుడో చెప్పారు. రాత్రి వెల్లకిలా పడుకుని వంద లెక్కపెడితే మీరు కోరుకున్న లోకానికి వెళ్లిపోతారు. ఇక్కడి పనులు మీ క్లోన్, అంటే అచ్చం మీలాంటి నకలు, చూసుకుంటుంది. పిల్లలకు పరీక్షల టెన్షన్ ఉండదు. అందరికీ పంపండి.' పంపినవాళ్లలో టీచర్లు కూడా ఉన్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

అమెరికా గూఢచార సంస్థ సీఐఏ దగ్గర కాగితం ఉన్నమాట నిజమే. 1983లో వేన్ మెక్‌డొనెల్ అనే అమెరికా సైనికాధికారి రాసిన నివేదిక అది. రెండు చెవులకూ కాస్త తేడా ఉన్న శబ్దాలు వినిపిస్తూ మన్రో ఇన్‌స్టిట్యూట్ చేయించే ధ్యాన శిక్షణ గురించి రాశాడు. చైతన్యం స్థలకాలాలను దాటగలదని ఊహించాడు కూడా. ఊహించాడు, అంతే. ప్రభుత్వ ఫైల్లో ఉన్నంత మాత్రాన ఏ మాటా రుజువైపోదు.

క్వాంటం పేరుతో చెప్తున్నది 1957లో అమెరికా భౌతికశాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన అనేక లోకాల సిద్ధాంతం, అంటే మన లోకంతో పాటు ఇంకెన్నో లోకాలు ఉంటాయన్న ఊహ. దాన్ని నమ్మే శాస్త్రవేత్తల లెక్కలో కూడా ఒక లోకం నుంచి ఇంకో లోకానికి కబురు పంపే దారి లేదు. కబురే పోనిచోటికి మనిషి ఎలా పోతాడు?

ఋషుల మాటకొస్తే, యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథను లాక్కొచ్చారు. ఇంద్రజాలికుడు నెమలి పింఛం ఊపగానే రాజు కాసేపట్లోనే ఏళ్ల తరబడి ఇంకో బతుకు అనుభవిస్తాడు. ఆ బతుకులో ఉన్నది కరువు, ఆకలి. కోరి వెళ్లిన చోటు కాదది. అసలు ఆ బోధ ఎవరికి? అన్నిటి మీదా విరక్తి పుట్టి కూర్చున్న రాముడికి. అతన్ని తిరిగి పనిలోకి లేపడానికి చెప్పిన కథను, పిల్లల్ని పడుకోబెట్టడానికి వాడుతున్నారు!

లోకం మారడానికి చిట్కాలంటూ చెప్పే దిండు కింద కాగితం, మంచం పక్కన నీళ్ల గ్లాసు గురించి చర్చే అక్కర్లేదు.

'నాకు నిజంగా జరిగింది' అనే పిల్లలు మాత్రం అబద్ధం చెప్పడం లేదు. అర్ధరాత్రి దాటాక కదలకుండా పడుకుని అంకెలు లెక్కపెడితే మెలకువకూ నిద్రకూ మధ్య వెలుగులు కనిపిస్తాయి, మాటలు వినిపిస్తాయి, పడిపోతున్నట్టు ఉంటుంది. కలలో ఉన్నామని తెలుస్తూనే కల కనడం కూడా ఉంది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగంలో, నిద్రలో ఉన్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్లు అటూ ఇటూ తిప్పి సంకేతం ఇచ్చాడు. యంత్రం దాన్ని నమోదు చేసింది. ఆ మనిషి మాత్రం ఆ మంచం మీదే ఉన్నాడు.

ఇక క్లోన్. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. 'ఇక్కడ ఏం జరిగినా మీకు సంబంధం లేదు, అలవాటయ్యాక శాశ్వతంగా అక్కడే ఉండిపోవచ్చు' అని పదహారేళ్ల పిల్లలకు చెప్తారా? ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడితే, నిద్ర చాలక, మార్కులు తగ్గి, ఇంటికి ఫోన్ చేస్తే మళ్లీ మార్కులే అడిగించుకునే పిల్లకు 'నీ బతుకు నీది కాదు' అని చెప్పడం ఎంత ప్రమాదమో పంపేముందు ఒక్క క్షణం ఆలోచించారా? ఏ క్లోన్ వచ్చి ఎప్‌సెట్ రాస్తుంది? ఏ క్లోన్ ఆ పిల్ల తరఫున ఏడుస్తుంది? ఊహల్లో గంటల తరబడి మునిగిపోయి చదువు, నిద్ర, స్నేహాలు పోగొట్టుకునేవాళ్ల గురించి ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త ఎలీ సోమర్ 2002లోనే రాశారు. అందులోంచి బయటపడాలని వాళ్లు తంటాలు పడుతుంటే, మీరు లోపలికి తోస్తున్నారు.

మా అక్క కూతురు హయత్‌నగర్ దగ్గర హాస్టల్లో ఉంటుంది. తన 'స్క్రిప్ట్', అంటే వెళ్లాలనుకున్న లోకం ఎలా ఉండాలో రాసుకున్నది, నాకు చూపించింది. లాంగ్ నోట్‌బుక్‌లో వెనక పేజీలు. కోట, మంత్రాలు ఉంటాయనుకున్నాను. మొదటి లైను: 'అక్కడ ఎవరూ ర్యాంకు అడగరు.' తర్వాత: 'ఆదివారం అమ్మ వస్తుంది. గదిలో ముగ్గురమే ఉంటాం. కిటికీ తెరుచుకుంటుంది.' కిటికీ అన్న మాట కింద రెండుసార్లు గీత గీసింది.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆ స్క్రిప్ట్ రాయించడం వరకూ ఈ ట్రెండ్ మంచే చేసింది. ఏం కావాలని మేం అడిగితే ఏమీ వద్దంటుంది, ఆ పేజీల్లో మాత్రం అన్నీ చెప్పుకుంది. అందులో ఏదీ వేరే లోకంలోనే దొరికేది కాదు. పోయిన ఆదివారం అక్క వెళ్లింది, కిటికీ సంగతి వార్డెన్‌తో మాట్లాడింది.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటివి రాసుకుంటుంటే తిట్టకండి, లాక్కోకండి, చూపిస్తే చదవండి. 'ఇక్కడ ఉండాలని లేదు' అన్న మాట వినబడితే ఆ రోజే పక్కన కూర్చుని మాట్లాడండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ మెసేజ్ పంపినవాళ్లు అదే గ్రూపులో ఈ నంబరు కూడా ఇవాళే పెట్టండి.